ఊపిరికి రంగేది? బూరకు కులమేది?

(సాంస్కృతిక కార్యకర్తల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఈ పూట మేము మాట్లాడబోయేది బూర గురించి. పెండ్లి బ్యాండులో మనోళ్ళు ఊదే ఇత్తడి బూర, అదే ట్రంపెట్. దానికి అన్నదమ్ముడి లాంటిది ఇంకోటుంది, కార్నెట్. రెంటికీ మూడేసి మీటలుంటాయి. ట్రంపెట్ గొట్టం చాలా దూరం ఒకే లావున పోయి చివరికి విచ్చుకుంటుంది. కార్నెట్ గొట్టం సన్నగా మొదలై మెల్లమెల్లగా లావెక్కుతుంది. అందుకని ట్రంపెట్ గొంతు పదునుగా, కార్నెట్ గొంతు మెత్తగా ఉంటుంది. తీగ వాద్యాలు లేకుండా క్లారినెట్లు, బూరలు, డోళ్ళు లాంటివి ఉండే పెద్ద మేళాన్ని అక్కడ విండ్ బ్యాండ్ అంటారు. ఆ మేళం వెనక వాయిస్తుంటే ఒక్క మనిషి ముందు నిలబడి బూర ఊదుతాడు. అట్లాంటి రికార్డుల కథే ఇవాళ్టి మన పాఠం.

అమెరికా బూరతో మనకేం పని అని అడగొచ్చు. పని ఉంది. "విద్య పుట్టుకతో వస్తుంది, అది మీ రక్తంలో లేదు" అని వేల ఏళ్ళుగా మనకు చెబుతూ వచ్చారు. అదే మాట అమెరికాలో నల్లవాళ్ళకూ చెప్పారు. ఆ మాట ఎంత అబద్ధమో ఈ రికార్డులు వింటే తెలుస్తుంది. పుస్తకం చదవలేనోడికి కూడా చెవి ఉంటుంది గదా!

1987లో అమెరికాలో 'కార్నవాల్' అనే రికార్డు వచ్చింది. రోచెస్టర్ ఊళ్ళో ఈస్ట్‌మన్ సంగీత పాఠశాల ఉంది. అక్కడ 1952లో ఫ్రెడరిక్ ఫెనెల్ అనే ఆయన ఒక విండ్ బ్యాండు పెట్టాడు. ఈ రికార్డులో ఆ బ్యాండును డొనాల్డ్ హన్స్‌బర్గర్ నడిపించాడు. ముందు నిలబడి ఊదినవాడు వింటన్ మార్సాలిస్. న్యూ ఆర్లీన్స్ నగరంలో 1961లో పుట్టిన నల్లవాడు. అప్పటికి పాతికేళ్ళ కుర్రాడు.

అందులో ఏముందో చెబుతాం. అందరికీ తెలిసిన చిన్న పాట ఒకటి తీసుకుంటాడు. మొదట సాదాగా ఊదుతాడు. తర్వాత అదే పాటను ముక్కలు చేస్తాడు. ఒక్క దెబ్బ పడే చోట రెండు, మూడు, నాలుగు. ఆఖరికి వచ్చేసరికి కింద స్థాయిలో పాట నడుస్తుంటే, పైస్థాయిలో ఇంకెవరో అల్లిక అల్లుతున్నట్టుంటుంది. ఇద్దరున్నారనుకుంటాం. ఉన్నది ఒక్కడే!

ఇది ఎట్లా సాధ్యం? మాయ ఏం లేదు. నాలుక పని. మామూలుగా ఒక్కో స్వరానికి నాలుక కొనతో "తు" అంటారు. వేగం పెరిగితే కొన ఒక్కటే అందుకోలేదు. అప్పుడు కొనతో "తు", వెనక భాగంతో "కు". తు-కు, తు-కు. మూడేసి కావాలంటే తు-తు-కు. డప్పు నేర్చుకునేటప్పుడు మనం ముందు దరువు నోటితో పలకడం లేదా? అదే పద్ధతి. కాకపోతే వాళ్ళకి నోరే చెయ్యి.

ఇంకో విద్య ఉంది. పాగనీని అనే ఇటలీ ఆయన ఫిడేలు కోసం రాసిన పాట ఒకటి. ఎక్కడా ఆగదు. ఫిడేలుకేం, కమాను అటూ ఇటూ లాగితే చాలు. బూర అట్లా కాదు, ఊపిరి తీసుకోవడానికి ఆగాలి. మార్సాలిస్ ఆగడు. నాలుగు నిమిషాలకు పైగా సందు లేకుండా ఊదుతాడు. బుగ్గల్లో గాలి నింపుకొని, ఆ గాలిని బుగ్గలతో బయటికి నెడుతూ, అదే క్షణంలో ముక్కుతో కొత్త గాలి పీలుస్తాడు. అతని కంటే ముందు రఫాయెల్ మెండెస్ కూడా ఇదే పాటను ఇట్లాగే ఊది రికార్డు చేశాడు. మెండెస్ మెక్సికో నుంచి వలస వచ్చినోడు. అమెరికాలో మొదట ఉక్కు కర్మాగారంలో, కార్ల ఫ్యాక్టరీలో కూలి పని చేసినోడు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. ముక్కుతో పీలుస్తూ బుగ్గలతో ఊదే ఈ విద్య మన దేశానికి కొత్తా? పాములవాడి నాగస్వరం బుర్ర గుర్తు తెచ్చుకోండి. ఎండలో, దుమ్ములో, రోడ్డు పక్క కూర్చొని సందు లేకుండా ఊదుతాడు. సన్నాయి పక్కన కూర్చొని ఒకే స్వరం పట్టి ఊదే శ్రుతి మనిషిని గుర్తు తెచ్చుకోండి. ఆ పెద్ద రికార్డు చూసి ప్రపంచం ముక్కున వేలేసుకుంది. మన పాములవాడికి దోసెడు గింజలేశారు. విద్య ఒకటే. దానికి కట్టిన ఖరీదు వేరు!

సరే, ఈ పాటలు మొదట ఎవరివి? తెల్లవాళ్ళవే. ఫ్రాన్సులో జాన్ బాప్టిస్ట్ ఆర్బాన్ అనే కార్నెట్ విద్వాంసుడు 1864లో ఒక పెద్ద పాఠ్యపుస్తకం వేశాడు. బూర నేర్చుకునేవాళ్ళు నేటికీ దాన్నే తెరుస్తారు. అమెరికాలో జూల్స్ లెవీ, హెర్బర్ట్ క్లార్క్ లాంటివాళ్ళు పేరుమోశారు. క్లార్క్ 1893లో జాన్ ఫిలిప్ సూసా బ్యాండులో చేరాడు. సినిమాలు, రేడియోలు రాకముందు ఆ దేశంలో ఊరికో బ్యాండు మంటపం. ఆదివారం వేలమంది చేరేవాళ్ళు. కార్నెట్ ఊదేవాడు ఆ రోజుల్లో సినిమా హీరో లెక్క.

మాట పట్టే యంత్రం వచ్చాక ఆ కీర్తి ఇంకా పెరిగింది. మొదట్లో మైకులు లేవు. పెద్ద గరాటు ముందు నిలబడి ఊదాలి. ఆ గాలి అదురుకే సూది కదిలి గీత గీసేది. ఫిడేలు లాంటి మెత్తటి చప్పుడు ఆ గరాటుకు సరిగ్గా అందేది కాదు. బూర బాగా అందేది. అందుకే తొలినాళ్ళ రికార్డుల్లో బ్యాండు పాటలు, కార్నెట్ పాటలు అన్ని ఉంటాయి. 1878లో సెయింట్ లూయిస్ నగరంలో తగరపు రేకు మీద ఎక్కించిన ఒక రికార్డు మిగిలింది. 2012లో శాస్త్రవేత్తలు దాన్ని మళ్ళీ పలికించారు. అందులో మొట్టమొదట వినిపించేది కార్నెటే!

క్లార్క్, సూసా బ్యాండుతో గరాటు ముందు నిలబడి వరసపెట్టి రికార్డులిచ్చాడు. మంచిదే. క్లార్క్ గొప్పోడు కాదని మేము అనడం లేదు. మా ప్రశ్న వేరు. ఆ గరాటు ముందు నిలబడే చోటు ఎవరికి దొరికింది? ఎవరికి దొరకలేదు?

నల్లవాళ్ళల్లో ఊదేవాళ్ళు లేకనా? ఫిలడెల్ఫియాలో ఫ్రాంక్ జాన్సన్ ఉన్నాడు. 1792లో పుట్టాడు. అమెరికాలో బానిసత్వం ఇంకా నడుస్తున్న రోజుల్లోనే సొంత బ్యాండు నడిపాడు. మీటల బ్యూగిల్ ఊదడంలో దిట్ట. సంగీతం రాసి అచ్చు వేసిన తొలి నల్ల అమెరికన్ ఆయనే. 1837లో తన బ్యాండుతో ఇంగ్లండు పోయి వాయించాడు. అమెరికా నుంచి యూరపు పోయిన మొదటి బ్యాండు నల్లవాళ్ళ బ్యాండు! ఈ సంగతి ఎంతమందికి తెలుసు?

తర్వాత పి.జి.లోవరీ ఉన్నాడు. కార్నెట్‌లో నల్లవాళ్ళు ఎంతో గొప్పగా చెప్పుకున్న మనిషి. బోస్టన్‌లో శిక్షణ పొందాడు. మరి ఆయన ఎక్కడ వాయించాడు? సర్కసులో. సర్కసులో కూడా పెద్ద డేరాలో కాదు. అక్కడ తెల్లవాళ్ళ బ్యాండు. లోవరీ బ్యాండు పక్క డేరాలో, వింత మనుషులను చూపించే చోట. 1899 నుంచి ఏళ్ళ తరబడి అదే చోటు. ఊరు మధ్యలో గుడి, ఊరి చివర వాడ. ఏ దేశం పోయినా ఈ పటం మనకు చెప్పకుండానే అర్థమవుతుంది.

న్యూ ఆర్లీన్స్‌లో బడ్డీ బోల్డెన్ ఉన్నాడు. జాజ్ అనే సంగీతానికి మూలపురుషుల్లో ఒకడని అందరూ ఒప్పుకునే కార్నెట్ వాద్యకారుడు. 1907లో మతి చెడి ఆసుపత్రిలో పడ్డాడు. 1931లో అక్కడే పోయాడు. ఆయన ఊదిన ఒక్క పాట కూడా ఇవాళ మనకు వినే వీల్లేదు. రికార్డు లేదు. 1917లో మొదటి జాజ్ రికార్డు వచ్చింది. ఎవరిది? అదే న్యూ ఆర్లీన్స్ నుంచి పోయిన అయిదుగురు తెల్లవాళ్ళది. అందులో కార్నెట్ ఊదిన నిక్ లరొక్కా, ఈ సంగీతం పుట్టుకతో నల్లవాళ్ళకు సంబంధమే లేదని తర్వాత వాదించాడు కూడా! రికార్డు లేనివాడి చరిత్రను రికార్డు ఉన్నవాడు రాస్తాడు. ఈ మాట గట్టిగా గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

మొదటి ప్రపంచ యుద్ధం సంగతి వినండి. తెల్ల సైనికుల పక్కన నల్ల సైనికులు పోరాడటం అమెరికా సైన్యానికి ఇష్టం లేక, హార్లెం నుంచి వచ్చిన ఒక నల్లవాళ్ళ దళాన్ని ఫ్రెంచి సైన్యానికి అప్పగించింది. ఆ దళం బ్యాండుకు నాయకుడు జేమ్స్ రీస్ యూరప్. వాళ్ళు 1918లో ఫ్రాన్సులో వాయిస్తుంటే అక్కడి ప్రఖ్యాత సైనిక బ్యాండు నాయకుడు ఆశ్చర్యపోయాడు. రాసిన సంగీతం అడిగి తీసుకున్నాడు. తన బ్యాండు చేత వాయించాడు, ఆ ధ్వని రాలేదు. చివరికి వాళ్ళ బూరల్లోనే ఏదో కిటుకుందని పరీక్ష చేశారట! ఈ సంగతి యూరపే 1919లో ఒక పత్రికకు చెప్పాడు. బూరలు మామూలువే. కిటుకు పెదాల్లో, నాలుకలో, సాధనలో ఉంది. ఏకలవ్యుడి బొటనవేలు అడిగినవాళ్ళు కూడా విద్య ఆ వేల్లో లేదని తెలియకనే అడిగారా? తెలిసే అడిగారు. ఇక్కడ మాత్రం వేలు అడగలేదు. ఆ బ్యాండు పాటలు 1919లోనే రికార్డుకెక్కాయి.

ఇక లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్. 1901లో న్యూ ఆర్లీన్స్‌లో కటిక పేదరికంలో పుట్టాడు. కొత్త సంవత్సరం రాత్రి వీధిలో తుపాకీ పేల్చాడని పదకొండేళ్ళ పిల్లవాణ్ణి పట్టుకొని 1913 జనవరిలో నల్లపిల్లల నిర్బంధ గృహంలో వేశారు. అక్కడ పీటర్ డేవిస్ అనే పంతులు పిల్లలకు బ్యాండు నేర్పేవాడు. లూయీకి మొదట గిలకల తంబురీన్ ఇచ్చాడు. ఆ తర్వాత వేరే వాద్యాలు, చివరికి కార్నెట్. 1923లో కింగ్ ఆలివర్ బ్యాండులో రెండో కార్నెట్‌గా లూయీ గరాటు ముందుకొచ్చాడు. అతని ఊపిరి జోరుకు మిగతావాళ్ళు వినపడక, అతన్ని అందరికంటే వెనక్కి నిలబెట్టారని చెప్పుకుంటారు. 1928లో 'వెస్ట్ ఎండ్ బ్లూస్' రికార్డు ఇచ్చాడు. దాని మొదట్లో తోడు వాద్యం లేకుండా ట్రంపెట్ ఒక్కటే పలుకుతుంది. పావు నిమిషం కూడా ఉండదు. కాని తర్వాత ట్రంపెట్ పట్టిన ప్రతివాడూ దాన్ని వినే నేర్చుకున్నాడు.

లూయీ జైలుకు పోకుండా ఉంటే కార్నెట్ దొరికేదా? ఇది ఎంత సిగ్గుపడాల్సిన ప్రశ్న! పేద పిల్లవాడికి వాద్యం బళ్ళో దొరకాలి, చెరసాలలో కాదు.

ఇప్పుడు మళ్ళీ మార్సాలిస్ దగ్గరికి రండి. అతనికేం దొరికిందో లెక్కపెట్టండి. తండ్రి పియానో వాద్యకారుడు. ఆరేళ్ళ వయసులో చేతికి ట్రంపెట్ వచ్చింది. తండ్రి పనిచేసే బ్యాండు నాయకుడు ఆల్ హర్ట్, తెల్లాయన, ఇచ్చాడు. ఎనిమిదేళ్ళకు చర్చి పిల్లల బ్యాండులో చేరాడు. ఆ బ్యాండును డానీ బార్కర్ అనే ముసలి వాద్యకారుడు నడిపేవాడు. వాడలో పిల్లల్ని పోగుచేసి, పాత ఊరేగింపు పాటలు నేర్పడమే ఆయన పని. పధ్నాలుగేళ్ళకు మార్సాలిస్ ఊళ్ళోని పెద్ద ఆర్కెస్ట్రాతో వాయించాడు. తర్వాత న్యూయార్క్‌లో జూలియార్డ్ విద్యాలయం. ఇల్లు, వాద్యం, గురువు, వాడ, బడి అన్నీ కుదిరాయి. అవి కుదరడానికి వెనక ఎన్ని ఉద్యమాలు, ఎన్ని ప్రాణాలు! అప్పుడేమైంది? 1984లో ఒకే ఏడు జాజ్‌కూ, యూరపు శాస్త్రీయ సంగీతానికీ గ్రామీ బహుమతులు రెండూ గెలిచాడు. అంతకుముందు ఎవరూ అట్లా గెలవలేదు. 1985లో మళ్ళీ గెలిచాడు. బానిసల కథ మీద కట్టిన సంగీతానికి 1997లో పులిట్జర్ బహుమతి వచ్చింది.

రక్తంలో విద్య లేదన్న మాట ఎక్కడ పోయింది? క్లార్క్ పాటలు క్లార్క్ వారసులవేం కావు. ఎవడు సాధన చేస్తే వాడివి. ఇంకో ముచ్చట. ఆ 'కార్నవాల్' రికార్డులో తెల్ల దొరల పార్కు పాటల మధ్యలో మార్సాలిస్ ఒక నల్లవాళ్ళ పాట పెట్టాడు. తల్లుల నుంచి పిల్లల్ని విడదీసి సంతలో అమ్మిన రోజుల నాటి బానిసల పాట. అక్కడ వేగం లేదు, గారడీ లేదు. నెమ్మదిగా ఏడుస్తుంది బూర. పెద్ద పీట మీద కూర్చోబెట్టినా తన పేటను మరిచిపోలేదు. మేము ఆ రికార్డును ఇష్టపడేది ముఖ్యంగా ఇందుకే.

అయితే ఒక్కడు ఎక్కితే అందరూ ఎక్కినట్టు కాదు. 1969లో న్యూయార్క్ ఫిల్‌హార్మోనిక్ ఆర్కెస్ట్రా మీద ఇద్దరు నల్ల వాద్యకారులు వివక్ష ఫిర్యాదు పెట్టారు. 1970ల నుంచి చాలా ఆర్కెస్ట్రాలు తెర కట్టి పరీక్ష పెడుతున్నాయి. వాయించేవాడు తెర వెనక ఉంటాడు. ఆడో మగో, నల్లో తెల్లో తెలియదు. దాంతో ఆడవాళ్ళ సంఖ్య పెరిగింది. నల్లవాళ్ళ సంఖ్య? 2016లో అమెరికా ఆర్కెస్ట్రాల సమాఖ్య వేసిన నివేదికలో నూటికి 1.8. అప్పటికి నూటికి ఇద్దరు కూడా లేరు! ఎందుకని? తెర దగ్గరికి వచ్చేదాకా రావాలి గదా. వాద్యం కొనాలి, ఏళ్ళ తరబడి గురువుకు ఫీజు కట్టాలి, కడుపు నిండాలి. రిజర్వేషన్ల మీద "అందరికీ ఒకటే పరీక్ష పెట్టండి" అని వాదించేవాళ్ళకు ఈ లెక్క చూపించండి.

మనకూ వాళ్ళకూ చుట్టరికం ఇవాళ్టిది కాదు. 1873లో మహాత్మా ఫూలే తన 'గులాంగిరీ' పుస్తకాన్ని బానిసత్వాన్ని తొలగించిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చాడు. 1946లో బాబాసాహెబ్ అంబేద్కర్ అక్కడి నల్లవాళ్ళ నాయకుడు డుబోయిస్‌కు ఉత్తరం రాశాడు. 1972లో బొంబాయిలో పుట్టిన దళిత పాంథర్స్ ఆ పేరు వాళ్ళ దగ్గరే తీసుకుంది. పుస్తకాలు తెచ్చుకున్నాం, పేరు తెచ్చుకున్నాం. వాళ్ళ బూర సంగతి కూడా తెచ్చుకోవాలి.

ఎందుకంటే ఆ బూర మన దగ్గర ముందే ఉంది. ఇంగ్లీషు సైన్యాల బ్యాండుల వెంట వచ్చి పెండ్లి బ్యాండుల్లో స్థిరపడింది. రంగు వెలిసిన కోటు, నెత్తిన టోపీ, పెండ్లికొడుకు గుర్రం ముందు మూడు గంటల నడక. సినిమా పాట ఏది అడిగితే అది, చెవితో విని పట్టిందే. నేర్పిన బడి లేదు. అందరూ తిన్నాక ఆఖరి పంక్తి. నోటితో ఊదేది ఎంగిలి, తోలుతో చేసింది మైల, కాని అవి మోగకపోతే పెండ్లి జరగదు! వాద్యం మంగళకరం, వాయించేవాడు గడప బయట. కాటమరాజు కథలో కొమ్ము ఊదే కొమ్మువాళ్ళ గతీ ఇంతే.

మనలో ఒక వాదన ఉంది. "అది తెల్లోళ్ళ వాద్యం, దొరల పెండ్లి చాకిరీ. పారేద్దాం. మనకు డప్పు చాలు" అంటారు కొందరు తమ్ముళ్ళు. డప్పు మీద కూడా ఇదే వాదన నడిచింది గదా. చావుకు కొట్టే వెట్టి డప్పును పారేయమన్నారు. పారేయాల్సిందే. కాని పారేసింది వెట్టిని. డప్పును కాదు. అదే డప్పు ఊరేగింపులో మన ముందు నడిచింది. బూర కూడా అంతే. వెట్టి వదలండి, విద్య వదలకండి. మార్సాలిస్ రెండు చేతులా పట్టుకున్నాడు. ఆర్బాన్ పుస్తకం ఒక చేత, తాతల పాట ఇంకో చేత.

ఇక పనులు. ఊరికే విని పోవడానికి ఈ తరగతి పెట్టుకోలేదు.

ఒకటి. మీ ఊళ్ళో బ్యాండు వాయించేవాళ్ళ, కొమ్ము ఊదేవాళ్ళ, సన్నాయి పట్టేవాళ్ళ, పాములవాళ్ళ పేర్లు రాయండి. ఎవరి దగ్గర నేర్చుకున్నారో, ఏ పాటలు వచ్చో రాయండి.

రెండు. వాళ్ళ వాద్యాన్ని రికార్డు చేయండి. ఇవాళ ఫోను లేని ఇల్లు తక్కువ. గరాటు ముందు చోటు కోసం ఎవరినీ దేబిరించనక్కర్లేదు. మొదట పేరు, ఊరు, తేదీ వాళ్ళ నోటితోనే చెప్పించండి. బోల్డెన్‌కు జరిగింది మనోళ్ళకు జరగనీయొద్దు.

మూడు. పిల్లల్ని పోగుచేయండి. డానీ బార్కర్ చేసిందదే. పాత బూర రెండు చాలు, వాడలో పిల్లలకు ఆదివారం నేర్పొచ్చు. స్వరలిపి తెలిసినవాళ్ళుంటే చదవడం కూడా నేర్పించండి. ఆడపిల్లల్ని ముందు కూర్చోబెట్టండి.

నాలుగు. పెండ్లి బ్యాండు వాళ్ళు కూలి, భోజనం, నడిచే గంటలు ముందే మాట్లాడుకొని కాగితం మీద రాయించుకోవాలి. ఆఖరి పంక్తికి ఒప్పుకోవద్దు. ఒక్క బ్యాండు అడిగితే ఇంకో బ్యాండును పిలుస్తారు. మండలంలో అన్ని బ్యాండులూ ఒక్కమాట మీదుంటే ఎవరిని పిలుస్తారు?

ఊపిరి అందరికీ ఒకటే. దాన్ని పాటగా మార్చడానికి వాద్యం, గురువు, తీరిక కావాలి. అవి ఎవరూ దానం చేయరు, మనమే కూడగట్టుకోవాలి. వచ్చే తరగతికి వచ్చేటప్పుడు ఒక్కొక్కరు మీ ఊరి వాద్యకారుడి పేరు ఒకటి, ఆయన వాయించిన పాట ఒకటి తీసుకొని రండి. వాటితోనే తరగతి మొదలుపెడదాం.

జై భీం!